మిగిల్చిన మాత్రలు

అండమాన్‌లో కాపురం చేసే ఆడవాళ్ళకి ఒక విద్య తప్పనిసరిగా రావాలి. ఓడ రాని రోజుల్లో సరుకు సాగదీయడం. సముద్రం బాగోలేదంటే చెన్నై నుంచో వైజాగ్ నుంచో రావలసిన ఓడ అక్కడే ఆగిపోతుంది. ఇక్కడి బజారులో ముందు ఉల్లిపాయ కనపడకుండా పోతుంది, తర్వాత బంగాళాదుంప. మా అత్త ఈ విద్యలో ఆరితేరిన మనిషి. రెండు ఉల్లిపాయలు పడే కూరలో ఒకటి వేస్తుంది, నాలుగు రోజులు పోయాక అర, ఆ తర్వాత పావు. తినేవాళ్ళకి తేడా తెలియనివ్వదు. ఓడ వచ్చాక కూడా చెయ్యి వెంటనే వదులు చెయ్యదు. వచ్చిన సరుకులో కొంత 'వచ్చే తుఫానుకి' అని ముందుగా తీసి దాచి, మిగిలినదాంతోనే మరికొన్నాళ్ళు బిగబట్టి నడిపిస్తుంది. తుష్నాబాద్‌లోని ఆ ఇంటికి కోడలిగా వెళ్ళిన మొదటి ఏడాదిలోనే నాకూ ఈ విద్య అబ్బింది. నేనూ ఈ దీవుల్లో పుట్టినదాన్నే, మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. కానీ మా అమ్మకి ఇంత నేర్పు లేదు. ఓడ ఆలస్యమైతే ఆవిడ చేసే పని ఒక్కటే, అందరినీ తిట్టడం. ఆ తిట్టే గుణం మాత్రం నాకు పుట్టింటి నుంచి వచ్చింది.

పోర్ట్ బ్లెయిర్‌లో డెయిరీ ఫార్మ్ అనే పేట దగ్గర ఒక బడిలో నేను తెలుగు చెబుతాను. పొద్దున్నే తుష్నాబాద్‌లో బస్సెక్కితే సిప్పీఘాట్ దాటేసరికి పూర్తిగా మెలకువ వస్తుంది. నాకు నోరెక్కువని బడిలో పేరు. తప్పు చేసిన పిల్లల్ని వదిలేస్తాను గానీ, చేసి చేయలేదని చెప్పేవాళ్ళని నిలబెట్టి కడిగేస్తాను. నా గురించి ఇది ముందే చెప్పాలి.

ముప్పై ఒకటో ఏట నా ముఖం మీద ఎరుపు వచ్చింది. రెండు బుగ్గల మీదా, ముక్కు మీదుగా కలుపుతూ. ప్రార్థన వేళ ఎండలో నిలబడి వచ్చిన రోజున అది మరీ మండేది. తోటి టీచర్లు "దీదీ, ఏం క్రీమ్ రాస్తున్నారు?" అని ఆటపట్టించారు. తర్వాత పొద్దున్న లేస్తే వేళ్ళు ముడుచుకునేవి కావు, సుద్దముక్క జారిపోయేది. దువ్వెన నిండా జుట్టు వచ్చేది. వయసా, నీరసమా అనుకుంటూ ఆరు నెలలు నెట్టాను. అంతకు ముందు ఏడాది మూడో నెలలో గర్భం పోయింది. అందుకే బెంగ పెట్టుకుని ఇలా అయిపోతున్నానని ఇంట్లో అనుకున్నారు. చివరికి మూత్రం మీద నురగ కనిపించింది. నీళ్ళు పోసినా పోని నురగ. సాయంత్రానికి పాదాలు ఉబ్బి, చెప్పుల పట్టీ విప్పితే దాని కింద గాడి పడి ఉండేది. అప్పుడు మా ఆయన నన్ను బలవంతంగా ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

పోర్ట్ బ్లెయిర్‌లో నన్ను చూసిన కిడ్నీ డాక్టరు ఒక పెద్దావిడ. తమిళావిడ, మాతో హిందీలో మాట్లాడేది. అందరినీ 'బేటీ' అంటుంది, అందరి మీదా అరుస్తుంది. ఆవిడే నన్ను చెన్నై పంపించి, కిడ్నీలో చిన్న ముక్క తీయించి పరీక్ష చేయించింది. తిరిగి వచ్చాక కాగితాలు ముందు పెట్టుకుని, జబ్బు పేరు లూపస్ అని చెప్పింది. ఆ పేరు నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

"ఎక్కడి నుంచి అంటుకుంది?" అని అడిగాను. నా బుద్ధి అలాంటిది, ముందు ఎవరిదో తప్పు తేలాలి.

ఎక్కడి నుంచీ అంటుకోలేదట. ఒంట్లోకి చొరబడే క్రిముల మీద పోరాడడానికి మన రక్తంలోనే ఒక సైన్యం ఉంటుంది. దానికి ఎవరు మనవాళ్ళో ఎవరు పరాయివాళ్ళో గుర్తుపట్టడం పుట్టుకతోనే వస్తుంది. నా సైన్యం ఆ గుర్తు మరిచిపోయింది. నా కణాల లోపలి సరుకునే పరాయిదనుకుని దాని మీదకు ఆయుధాలు తయారుచేస్తోంది. ఎండకి చర్మంలో కొన్ని కణాలు చనిపోతాయి, వాటి లోపలిది బయటికి ఒలుకుతుంది, సైన్యం దాన్ని చూసి మరింత రెచ్చిపోతుంది. అందుకే ఎండలో నిలబడినప్పుడల్లా ముఖం మండింది. ఆ ఆయుధాలూ అవి పట్టుకున్నదీ కలిసి ముద్దలు కట్టి రక్తంలో తిరుగుతూ కిడ్నీలోని జల్లెళ్ళలో ఇరుక్కుంటాయి. అక్కడ వాపు పుట్టి, జల్లెడ కన్నాలు పెద్దవై, ఒంట్లో ఉండాల్సిన మాంసకృత్తులు మూత్రంలోకి కారిపోతాయి. ఆ నురగ అదే.

కంచె చేను మేసినట్టు అన్న జాతీయాన్ని పదేళ్ళుగా పిల్లల చేత సొంత వాక్యాల్లో రాయిస్తున్నాను. ఒక్క పిల్లా ఇలాంటి వాక్యం రాయలేదు. బయటికి వచ్చి వరండాలో కూర్చుని ఏడ్చాను. భయంతో కాదు, కోపంతో. శత్రువంటూ ఉంటే తిట్టుకోవచ్చు. నా మీద నాకే పగ అంటే ఎవరిని తిట్టను?

ఊళ్ళో విన్నవాళ్ళందరూ ఒంట్లో శక్తి లేకే ఇలాంటివి వస్తాయని తేల్చేశారు. సిప్పీఘాట్ తోటలో పనిచేసే పక్కింటాయన నోని పళ్ళు తెచ్చి, రసం తాగితే ఇమ్యూనిటీ పెరుగుతుందని గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. "భయ్యా, నాకున్నదే ఎక్కువైంది, కావాలంటే మీరు కొంచెం పట్టుకెళ్ళండి" అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. కిడ్నీ పాడైనవాళ్ళకి ఆ రసం మంచిది కాదని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. ఆ ఒక్కసారి నా నోరు నన్ను కాపాడింది.

ఆ సైన్యాన్ని జోకొట్టడానికే మందులు. స్టెరాయిడ్‌తో ముఖం గుండ్రంగా ఉబ్బింది. అసలు మందు మాత్రం రోజుకు నాలుగు మాత్రలు, పొద్దున్న రెండు, రాత్రి రెండు. నేను డాక్టరమ్మని అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. నాకు పిల్లలు పుడతారా?

ఆవిడ నెమ్మదిగా చెప్పింది. ఈ మాత్రలు వాడుతుండగా గర్భం రాకూడదు, బిడ్డకి ప్రమాదం. ముందు జబ్బు పూర్తిగా అణగాలి. వరసగా ఆరు నెలలు మూత్రం శుభ్రంగా ఉంటే, ఈ మాత్ర మార్చి బిడ్డకి హాని చేయనిది ఇస్తుంది. అప్పుడు ప్రయత్నించవచ్చు. "ఆరు నెలలు, బేటీ. ఒక్క పూట కూడా మందు తప్పకూడదు."

పక్కనే కూర్చున్న మా అత్తకి మా ఆయన తెలుగులో చెప్పారు. ఆవిడ నా చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, "ఆరు నెలలేగదా. ఇట్టే ఎల్లిపోతాయి" అంది.

నాలుగు నెలలు నిజంగానే ఇట్టే వెళ్ళిపోయాయి. మూత్రం శుభ్రంగా ఉంది. పాదాలు మామూలయ్యాయి. వేళ్ళు ముడుచుకున్నాయి. బడిలో అసెంబ్లీకి నేను మాత్రం నీడలో నిలబడేలా హెడ్‌మాస్టరు ఒప్పుకున్నారు. గొడుగు లేకుండా గుమ్మం దాటేదాన్ని కాదు. ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు గానీ, మా ఆయన నాపరాళ్ళు పేర్చి పెరడులో నడవడానికి బాట వేస్తుంటే, ఎవరి చిన్న కాళ్ళ కోసమో నాకు తెలిసేది.

ఐదో నెలలో సముద్రం చెడింది.

నా మాత్రలు ఊళ్ళో ఒకే ఒక్క మందుల దుకాణంలో, నా ఒక్కదాని కోసం, మెయిన్‌ల్యాండ్ నుంచి తెప్పించేవాళ్ళు. నా దగ్గర నలభై మాత్రలు ఉన్నాయి, అంటే పది రోజులకి. మా ఆయనతో అన్నాను కూడా. దుకాణం అతన్ని అడిగితే పార్సిల్ ఓడలో రావాలని, ఓడ కదలలేదని అన్నాడు. విమానాలు కొన్నాళ్ళు తిరగలేదు. తిరిగాక, చిక్కుకుపోయిన మనుషులతోనే నిండిపోయాయి.

ఆ రోజు నేను చేసిన పనిని ఇప్పుడు తలుచుకుంటే వింతగా ఉంటుంది గానీ, అప్పుడు ఆలోచించనైనా లేదు. నలభై మాత్రల రేకులు ఒళ్ళో పోసుకుని, నాలుగు బదులు రెండు అనుకున్నాను. పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి. పది రోజుల సరుకు ఇరవై రోజులు వస్తుంది. ఓడ రాకపోతే ఈ దీవుల్లో ఎవరైనా చేసేది అదే. డాక్టరమ్మకి ఫోన్ చేయవచ్చు కదా అని మీరు అడుగుతారు. చేసి ఉంటే పెద్దాసుపత్రిలో వెతికించేది, మరొక మందు రాసేది, ఏదో ఒకటి చేసేది. కానీ ఉల్లిపాయలు అయిపోయాయని ఎవరైనా ఎవరికైనా ఫోన్ చేస్తారా? మా అత్త ఒకరోజు, "నీ దవాయి ఉందా అమ్మా?" అని అడిగింది. "సరిపోతాయి అత్తా" అన్నాను. లోపల గర్వంగా కూడా ఉంది.

ఇరవయ్యో రోజున పార్సిల్ వచ్చింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ మరోలా ఉండేదేమో. నేను ఆగలేదు. సరుకు రాగానే ముందుగా తీసి దాచాలి కదా. మరో తుఫాను వస్తే? ఈసారి నెల పడితే? ఒంట్లో బాగానే ఉంది. ఇంకా చెప్పాలంటే, మాత్రలు తగ్గాక కడుపులో తిప్పడం కూడా తగ్గింది. ఇంకొన్నాళ్ళు రెండే వేసుకుని, రోజుకు రెండు చొప్పున ఒక బిస్కెట్ డబ్బాలో పోగేశాను. మరో ఇరవై అయిదు రోజులు. యాభై మాత్రలు అయ్యాక డబ్బా మూతపెట్టి, స్టోరు గదిలో బియ్యం డ్రమ్ము వెనక పెట్టి, మళ్ళీ నాలుగు వేసుకోవడం మొదలుపెట్టాను. ఇంటి ఇల్లాలిగా ఆ రోజు నాకు కలిగిన తృప్తి అంతా ఇంతా కాదు.

వారం తిరగకుండానే నురగ వచ్చింది.

పరీక్షలో మాంసకృత్తులు మొదట్లో ఉన్నంతకు వచ్చేశాయి. రక్తపోటు పెరిగింది. డాక్టరమ్మ కాగితం చూసి, నన్ను చూసి, "మందులు మానేశావా?" అంది.

"లేదు."

"తగ్గించావా? ఒక్క పూటైనా? నిజం చెప్పు."

పక్కన మా ఆయన ఉన్నారు, అత్త ఉంది. గదిలో ఒక నర్సు, ఆ నర్సు కూతురు నా దగ్గరే ఏడో తరగతి. "ఒక్క మాత్ర కూడా తప్పలేదు" అన్నాను. గొంతు వణకలేదు. క్లాసులో నేను నిలబెట్టి కడిగే పిల్లలకి కూడా గొంతు వణకదు, కళ్ళు మాత్రం కిందికి దిగుతాయి. నావి దిగాయో లేదో నాకు తెలియదు.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. మందు సరిగ్గా వేసుకుంటున్నా జబ్బు తిరగబడిందంటే, ఈ మందు నీ మీద పనిచేయడం లేదన్నమాట, ఇంతకంటే బలమైనది ఎక్కించాలి అంది. నెలకోసారి చెన్నై వెళ్ళి సెలైన్‌లో ఎక్కించుకోవాలి. ఆ మందు సైన్యాన్ని గట్టిగా అణుస్తుంది. దానితోపాటు ఆడవాళ్ళ అండాలను కూడా దెబ్బతీయవచ్చు. "పిల్లల ఆశ వదులుకోవాల్సి రావచ్చు, బేటీ. కానీ ముందు కిడ్నీ నిలబడాలి." పది రోజుల్లో ప్రయాణం అని తేల్చింది.

అప్పుడైనా చెప్పాలి. తెలుసు. ఇంటికొచ్చే దారంతా రేపు ఫోన్ చేసి చెబుతాననుకున్నాను. ఆ రేపు వారం దాకా సాగింది. సాగదీయడం నాకు బాగా వచ్చిన విద్య కదా.

ఆదివారం మధ్యాహ్నం స్టోరు గదిలో ఎలుకలు తిరుగుతున్నాయని మా అత్త సామాన్లన్నీ బయటికి తీసింది. నేను వరండాలో పేపర్లు దిద్దుకుంటున్నాను. ఆవిడ బిస్కెట్ డబ్బా పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది.

"ఒలే అమ్మా, ఈ దవాయి నీదేనా?"

"పాతవి" అన్నాను, తల ఎత్తకుండా.

"పాతయేటి? రేకు మెరుస్తన్నాది." ఆవిడకి చదువు రాదు, కానీ ఆవిడ వస్తువులను చూసే చూపుకి చదువుతో పనిలేదు. నా ఎదురుగా కింద కూర్చుంది. "జహాజ్ రానప్పుడు పది రోజులకే ఉన్నాయని నా కొడుకుతో అన్నావు. ఇరవై రోజులకి గానీ జహాజ్ రాలేదు. సరిపోతాయన్నావు. ఎలగ సరిపోయాయే?"

నేను ఇంకో పేపరు తీసి దిద్దబోయాను.

"సరిపోడమే కాదు, మిగిలాయి కూడానా?"

అప్పుడు నాకు వచ్చినంత కోపం జన్మలో ఎప్పుడూ రాలేదు. పేపర్లు విసిరేశాను. "మీ దగ్గర నేర్చుకున్నదే కదా! ఓడ రాకపోతే సాగదీయమని, వస్తే దాచమని మీరు నేర్పిందే కదా! ఇప్పుడొచ్చి లెక్కలడుగుతారా?" అని వీధికి వినపడేలా అరిచాను. ఇంకా ఏమేమో అన్నాను. రాయడానికి సిగ్గేస్తోంది.

ఆవిడ డబ్బా ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నది. నా ఊపిరి అయిపోయాక చాలా మెల్లగా అంది. "నాను నేర్పింది ఉల్లిపాయలకి అమ్మా. ఉల్లిపాయ తగ్గితే కూర సప్పబడతాది. మనిషి సావడు."

నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. "పద, డాక్టరమ్మకి సెప్పు" అంది. నేను చెప్పలేనన్నాను. అంత గట్టిగా ఒక్కటీ తప్పలేదని చెప్పినదాన్ని, ఆయన ముందు, ఆ నర్సు ముందు ఏ ముఖంతో చెప్పను? "మరి ఆ మందు ఎక్కించేసుకుంటావా? పిల్లలొద్దా?" అంది. ఆవిడ కాసేపు డబ్బా మూత తీస్తూ పెడుతూ కూర్చుని, లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు ప్రయాణం కాగితాలకని ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ ఏదో రాస్తుండగా మా అత్త కుర్చీలోంచి లేచి, సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. "డాక్టర్ సాబ్, గల్తీ మేరా హై" అంది. వచ్చీరాని హిందీలో, మధ్యమధ్య తెలుగు కలిపి, తానే చెప్పింది. ఓడ రాలేదని తానే నా చేత సగం మింగించిందట. ఓడ వచ్చాక కూడా నా దగ్గర తీసుకుని తానే దాచిందట. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుందట.

డాక్టరమ్మ ఒక్క క్షణం కూడా అనుమానపడలేదు. అత్త చేసిందంటే నమ్మనివాళ్ళు లోకంలో ఎవరుంటారు? లేచి నిలబడి అరిచింది. కోడలి కిడ్నీ నమిలి మింగేశావంది. చదువుకున్న పిల్లని భయపెట్టి నోరు మూయించావంది. మా ఆయన తల్లి వైపు చూసిన చూపు నేను చూశాను. ఆవిడ తల వంచుకుని నిలబడింది.

నేను నోరు విప్పలేదు. నాకు నోరెక్కువని అందరూ అంటారు, ఆ నోరు ఆ రోజు ఏమైందో. అవమానం అనుకోవచ్చు, భయం అనుకోవచ్చు. కానీ రాయడానికి కూర్చున్నాక దాచడం ఎందుకు? నాకు హాయిగా అనిపించింది. గుండె మీద నుంచి బరువు దింపి మరొకరి నెత్తిన పెట్టినట్టయింది. ఆ హాయి నన్ను ఇప్పటికీ నిద్రలేపి కూర్చోబెడుతుంది.

చెన్నై ప్రయాణం ఆగిపోయింది. మందు విఫలం కాలేదు, సరిగ్గా పడలేదంతే కాబట్టి, మూడు రోజులు స్టెరాయిడ్ ఇక్కడే సెలైన్‌లో ఎక్కించి, అవే మాత్రలు పూర్తి మోతాదులో మళ్ళీ మొదలుపెట్టారు. అండాలకి గండం తప్పిందని నేను లోలోపల దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఆ దణ్ణం అత్తకి పెట్టాల్సిందని తెలుసు.

ఇంట్లో మా ఆయన తల్లితో మాట్లాడడం మానేశారు. ఆవిడ వడ్డిస్తే తినేవారు, ఏమైనా కావాలంటే నాతో చెప్పేవారు. మా అత్త ఏమీ జరగనట్టే ఉండేది. పొద్దున్నా రాత్రీ మాత్రలు తనే తెచ్చి నా చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడేది. రోజూ చెప్పేద్దామనుకునేదాన్ని. మూత్రం శుభ్రపడ్డాక చెబుతాను, అందరి మనసూ తేలికపడ్డాక చెబుతాను అనుకునేదాన్ని. నెమ్మదిగా నురగ తగ్గింది. నెలలు గడిచాయి. మాంసకృత్తులు దాదాపు మామూలుకి వచ్చాయి. కానీ రక్తపరీక్షలో కిడ్నీ ఎంత పాడైందో చెప్పే అంకె మాత్రం ఎక్కిన చోటే నిలిచిపోయింది, దిగలేదు. డాక్టరమ్మ మళ్ళీ చెన్నై పంపించి మళ్ళీ ముక్క తీయించింది.

ఆ ఫలితం చెప్పిన రోజున కూడా ముగ్గురం వెళ్ళాం. డాక్టరమ్మ ఈసారి అరవలేదు. మంట ఆరిపోయిందని, సైన్యం అణిగిందని చెప్పింది. కానీ ఆ నెలన్నరలో రేగిన మంటకి చాలా జల్లెళ్ళు కాలిపోయి మచ్చ కట్టాయి. మచ్చ కట్టినది మళ్ళీ జల్లెడ కాదు. మిగిలినవే అందరి పనీ చేస్తున్నాయి. జాగ్రత్తగా ఉంటే చాలా ఏళ్ళు చేస్తాయి. బిడ్డను మోస్తే చేయలేవు. గర్భంలో కిడ్నీ మీద పడే భారానికి ఇవి చాలవు, డయాలసిస్ దాకా వెళ్ళవచ్చు, బిడ్డా దక్కకపోవచ్చు.

"నేను వద్దనే చెబుతాను, బేటీ."

బయట ఎవరో టోకెన్ నంబరు పిలుస్తున్నారు. డాక్టరమ్మ మా అత్త వైపు తిరిగింది. "మాతాజీ, మీరు డబ్బాలో దాచింది మాత్రల్ని కాదు. మీ మనవణ్ణి" అంది.

మా అత్త ముఖం ఎలా అయిపోయిందో నేను చెప్పలేను. మనవడి కోసమే ఆవిడ ఆ నింద మోసింది. ఇంత చేసినా ఆ మనవడు దక్కలేదు. నేను లేచి నిలబడ్డాను.

"ఆవిడ కాదు, డాక్టర్. నేనే. సగం వేసుకున్నది నేను, దాచింది నేను, మీకు అబద్ధం చెప్పింది నేను. ఆవిడకి ఏమీ తెలియదు" అన్నాను. గొంతు వణికింది. మాటలు తడబడ్డాయి. ఇన్నాళ్ళూ దాచిన నిజం బయటికి వచ్చేటప్పుడు అబద్ధంలా వినిపించింది.

మా అత్త నా మోచెయ్యి పట్టుకుని కిందికి లాగింది. "కూకో" అని నాతో అని, డాక్టరమ్మతో, "ఝూఠ్ బోల్తీ హై. మేరే కో బచాతీ హై" అంది. తనని కాపాడడానికి నేను అబద్ధం చెబుతున్నానట.

డాక్టరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. లేచి వచ్చి నా భుజం తట్టి, "ఇంత జరిగినా అత్తని వెనకేసుకొస్తున్నావా? ఇలాంటి కోడలు దొరకడం మీ అదృష్టం, మాతాజీ" అంది. మా ఆయన నా చెయ్యి పట్టుకుని అక్కడే ఏడ్చేశారు.

ఆయన పనికి వెళ్ళిపోయారు. మేమిద్దరం తుష్నాబాద్ బస్సెక్కాం. బస్సు గారచర్మ ఊరు దాటింది. అప్పుడు అడిగాను. "ఎందుకత్తా? ఇంక దేనికి? పిల్లలైతే లేరు కదా."

ఆవిడ కిటికీలోంచి చూస్తూనే జవాబిచ్చింది. "నా మీద ఆడికి కోపం ఎన్నాళ్ళుంటాది? నాను సచ్చేదాకా. నీ మీదైతే మీరిద్దరూ బతికున్నన్నాళ్ళూ ఉంటాది. పిల్లల్లేని ఇంట్లో మొగుడికీ పెళ్ళానికీ మాటలైనా ఉండాల గదమ్మా."

"నాకలా వద్దు" అన్నాను.

"నీకేటి కావాలో నాను అడగలేదు" అంది.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. మిగిలిన జల్లెళ్ళు పనిచేస్తూనే ఉన్నాయి. నేను బడికి వెళ్తున్నాను. ఓడలు ఆలస్యమవుతూనే ఉన్నాయి. మందు పది రోజులకి తగ్గితే డాక్టరమ్మకి ఫోన్ చేస్తున్నాను, ఇంకే పని ఉన్నా మానేసి.

మా ఆయనకి రెండుసార్లు చెప్పాను. మొదటిసారి నా తల నిమిరి, అంత మంచితనం పనికిరాదన్నారు. రెండోసారి, మొన్న సెలవు రోజు పొద్దున్న, మొదటి మాత్ర నుంచి చివరి మాత్ర దాకా వరసగా చెప్పాను. ఆయన విసుక్కున్నారు. "ఎన్నాళ్ళు వెనకేసుకొస్తావు ఆవిణ్ణి? ఆవిడే ఒప్పుకుంది కదా." తల్లిని 'అమ్మ' అనడం ఆయన మానేసి చాలా రోజులైంది.

వంటింట్లోకి ఆ మాట వినపడింది. మా అత్త నీళ్ళ గ్లాసు, రెండు మాత్రలు పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది. మింగాను. నోరు తెరిచి చూపించమంది. చూపించాను.